ఆరు సెకన్ల దరువు, ముప్పై ఏళ్ల జంగిల్

(సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. వినిపించిన ముక్కలను కుండలీకరణాల్లో సూచించాం.)

నమస్కారం. పరిచయాలు తరువాత చూద్దాం. ఈ రోజు మన విషయం జంగిల్, అంటే పాత రికార్డుల దరువులను కోసి, ఆ ముక్కలను కొత్తగా అమర్చి 1990ల మొదట్లో లండన్ కుర్రవాళ్లు కట్టిన వేగమైన నృత్య సంగీతం. ముందు ఒక చిన్న ముక్క వినండి.

(డ్రమ్స్ ముక్క వినిపించారు.)

అయిపోయింది. ఆరేడు సెకన్లు, నాలుగు ఆవర్తాలు. 1969లో వాషింగ్టన్ నగరానికి చెందిన ద విన్‌స్టన్స్ అనే బృందం విడుదల చేసిన చిన్న రికార్డుకు వెనక వైపు ఉన్న పాటలోది ఇది. పాట పేరు 'ఆమెన్, బ్రదర్'. ముందు వైపున్న 'కలర్ హిమ్ ఫాదర్' బాగా అమ్ముడుపోయింది, గ్రామీ కూడా తెచ్చిపెట్టింది. వెనక పాటను అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ పాట మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి, డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగు ఆవర్తాలు వాయిస్తారు. మీరు విన్నది అదే.

మళ్ళీ వేస్తాను. ఈసారి తొడ మీద తాళం వేస్తూ వినండి.

(మళ్ళీ వినిపించారు.)

మొదటి రెండు ఆవర్తాలు ఒకేలా ఉన్నాయి కదా. మూడో దానిలో స్నేర్ (కరకుగా మోగే డ్రమ్) దెబ్బ ఒకటి పడవలసిన చోట పడకుండా అర దెబ్బ ఆలస్యంగా పడింది. అక్కడే మీలో చాలామంది చేతులు తడబడ్డాయి, చూశాను. (నవ్వులు) నాలుగో ఆవర్తంలో మొదటి దెబ్బనే ఖాళీగా వదిలేశారు. ఆ తరువాత ఎదురు లయలో కొన్ని దెబ్బలు వేసి, మనం అనుకున్నదాని కంటే ముందే తాళం చిప్పను మోగించేశారు. ఇంత చిన్న ముక్కలో తిన్నగా నడిచే భాగమూ ఉంది, తిరగబడే భాగమూ ఉంది. కోసుకునేవాడికి రెండూ దొరుకుతాయి. జంగిల్ సంగీతం ఈ ముక్క మీదే నిలబడిందని చెప్పడం కొంచెం అతిశయోక్తి. లిన్ కాలిన్స్ 'థింక్', ఇంక్రెడిబుల్ బోంగో బ్యాండ్ 'అపాచీ' లాంటి వాటి నుంచి తీసుకున్న దరువులూ ఉన్నాయి. కానీ ఈ ఒక్కదాన్నీ తీసేస్తే సగం కట్టడం కూలిపోతుంది.

ఇక లండన్‌కు వెళ్దాం. 1948లో విండ్‌రష్ ఓడ వచ్చినప్పటి నుంచి కరీబియన్ దీవులవాళ్లు ఆ నగరంలో స్థిరపడుతూ వచ్చారు. వాళ్లతో పాటు జమైకా సౌండ్ సిస్టమ్ కూడా వచ్చింది. మనిషి ఎత్తు స్పీకర్ పెట్టెలు, కడుపులో తెలిసే బాస్ (మంద్ర ధ్వని), రికార్డు మీద మైకు పట్టుకుని మాట్లాడే మనిషి. వాళ్ల పిల్లలు ఇంట్లో జమైకా రెగే వింటూ, బడిలో అమెరికన్ హిప్‌హాప్ వింటూ పెరిగారు. 1988లో యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం వెల్లువలా వచ్చింది, గోదాముల్లోనూ పొలాల్లోనూ తెల్లవార్లూ నాట్యాలు మొదలయ్యాయి. ఈ మూడూ ఒకే పిల్లవాడి చెవిలో కలిశాయి. హాక్నీలో షట్ అప్ అండ్ డాన్స్ జంట, డాలిస్ హిల్‌లో రీఇన్‌ఫోర్స్‌డ్ లేబుల్ (రికార్డు కంపెనీ) నడిపిన ఫోర్‌హీరో బృందం, హెవెన్ క్లబ్బులో 'రేజ్' రాత్రుల్లో పాటలు వేసిన డీజేలు ఫేబియో, గ్రూవ్‌రైడర్... వీళ్ల చేతుల మీదుగా 1991, 92 ప్రాంతంలో దరువులు వేగం పెంచుకున్నాయి. టెక్నో (యంత్రాల నృత్య సంగీతం) వాసన తగ్గుతూ, రెగే బాస్ పెరుగుతూ వచ్చింది. ఏ రోజున దీనికి ముందరి హార్డ్‌కోర్ సంగీతం ఆగి జంగిల్ మొదలైందో చెప్పమంటే, అక్కడ ఉన్నవాళ్లే ఇప్పటికీ కొట్టుకుంటారు. మనం ఆ జోలికి పోవద్దు.

మనవాళ్లకు ఈ సంగీతం మొదటిసారి వినగానే గందరగోళంగా అనిపిస్తుంది. దానికి కారణం చెబితే సగం భయం పోతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: బాస్ మొదటి కాలంలో నడుస్తుంది, డ్రమ్స్ రెండో కాలంలో నడుస్తాయి. డ్రమ్స్ నిమిషానికి 160 బీట్లు ఉంటే, బాస్ 80 మీద నింపాదిగా, రెగేలో లాగే ఊగుతూ ఉంటుంది. నాట్యం చేసేవాడికి రెండు దారులు. కుర్రవాడు పై వేగం పట్టుకుని ఎగరవచ్చు, పక్కనే ఇంకొకరు కింది వేగం మీద భుజాలు ఊపుతూ నిలబడవచ్చు. ఇద్దరూ తాళం తప్పినట్టు కాదు. మీరు మొదట వినేటప్పుడు డ్రమ్స్‌ను వదిలేసి బాస్‌ను పట్టుకోండి.

ఇప్పుడు కోత సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు తీసుకుంటాను.

పడక గది. అటారీ ఎస్‌టీ కంప్యూటరు, దానిలో సంగీతం అమర్చే క్యూబేస్ ప్రోగ్రాం. అటారీకి మిడి సాకెట్లు (వాద్య యంత్రాలను కలిపేవి) పుట్టుకతోనే ఉండేవి, అందుకే పేద స్టూడియోలకు అది వరమైంది. పక్కన అకాయ్ ఎస్950 సాంప్లర్, అంటే శబ్దం ముక్కలను నమోదు చేసుకుని వాయించే యంత్రం. దాని మామూలు మెమరీ ఒక మెగాబైటు కూడా లేదు. మీ ఫోనులో ఒక్క ఫొటో అంతకు మించి ఉంటుంది. ఆ కాస్త చోటులో డ్రమ్స్, బాస్, గొంతు ముక్కలు అన్నీ సర్దాలి. అందుకని ఒక ఉపాయం చేసేవాళ్లు. నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డును 45 మీద తిప్పి వేగంగా నమోదు చేసుకునేవాళ్లు, తరువాత సాంప్లర్ లోపల మళ్ళీ నెమ్మది చేసేవాళ్లు. చోటు ఆదా. నాణ్యత కొంచెం చచ్చేది, శబ్దం గరుకుగా, ఇసుక రాలినట్టు తయారయ్యేది. ఈ రోజు దాన్నే 'ఆ పాత రుచి' అని డబ్బు పెట్టి కొంటున్నారు.

కోల్‌మన్ వాయించిన అసలు వేగం నిమిషానికి 137 ప్రాంతం. దాన్ని 160కి పెంచితే శ్రుతి కూడా పైకి వెళుతుంది, దాదాపు మూడు స్వరస్థానాల దాకా. అందుకే జంగిల్‌లో స్నేర్ అంత కరకరలాడుతుంది. తరువాత ఆ ముక్కను దెబ్బకు దెబ్బ విడగొట్టి కీబోర్డు మీద ఒక్కో మీటకు ఒక్కోటి కట్టేవాళ్లు. ఇక అది కోల్‌మన్ దరువు కాదు. ఆయన కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), ఆయన స్నేర్, స్నేర్‌కు స్నేర్‌కు మధ్య ఆయన కర్ర లీలగా తాకిన దెబ్బలు, ఇవన్నీ అక్షరాల్లా మారిపోయాయి. వాటితో ఏ వాక్యమైనా రాసుకోవచ్చు. రెమార్క్ లాంటి జంగిల్ కళాకారులు రాసిన వాక్యాలు మనిషి చేతులతో వాయించడం అసాధ్యం. కానీ ప్రతి దెబ్బలోనూ మనిషి చేయి ఉంది, ఒక గదిలో ఒక రోజు వాయించినప్పటి గాలి ఉంది. యంత్రం పుట్టించిన డ్రమ్స్‌తో ఈ మాయ రాదు.

ఇంకొకటి. శ్రుతి మార్చకుండా నిడివిని సాగదీసే సౌకర్యం అకాయ్ యంత్రాల్లో ఉండేది. కొంచెం సాగదీస్తే ఫరవాలేదు. మరీ సాగదీస్తే గొంతు లోహంలా చీలిపోయి గరగరమంటుంది. యంత్రం తయారుచేసినవాళ్ల దృష్టిలో అది లోపం. జంగిల్ కుర్రవాళ్లు కావాలనే ఆ లోపం దాకా వెళ్లారు. గోల్డీ అనే జంగిల్ కళాకారుడు 1992లో 'టెర్మినేటర్'లో దీనికి తిరగేసిన పని చేశారు. హార్మనైజర్ సాయంతో వేగం కదలకుండా డ్రమ్స్ శ్రుతిని మాత్రం పైకి కిందికి లాగారు. అది విని తోటి సంగీతకారులు తల పట్టుకున్నారట.

పాట తయారయ్యాక ఏమయ్యేది? ఉత్తర లండన్‌లో మ్యూజిక్ హౌస్ అనే చోటికి వెళ్లి డబ్‌ప్లేట్ కోయించుకునేవాళ్లు. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ అనే మెత్తని పూత, ఆ పూతలో గాడి. కొన్ని పదుల సార్లు వేస్తే గాడి అరిగిపోతుంది. ఖరీదు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. డీజేలు వారాంతానికి ముందు అక్కడ వరుస కట్టేవాళ్లు, ఒకరి పాట ఒకరు వినేవాళ్లు, అసూయపడేవాళ్లు. ఆ రాత్రే క్లబ్బులో పరీక్ష. జనం అరిచి ఆపి మళ్ళీ మొదటి నుంచి వేయమంటే పాట బతికినట్టు. ఎవరూ కదలకపోతే ఇంటికి వెళ్లి మళ్ళీ కోసుకోవాలి. దుకాణంలోకి అచ్చయిన రికార్డు రావడానికి ఒక్కోసారి నెలలు పట్టేది.

ఈ చక్రంలో రేడియో కూడా ఉంది, దొంగ రేడియో. కూల్ ఎఫ్ఎం 1991 చివర్లో హాక్నీలో మొదలైంది. ఎత్తైన ప్రభుత్వ నివాస భవనాల పైకప్పుల మీద ట్రాన్స్‌మిటర్, ఇంకెక్కడో చిన్న గదిలో స్టూడియో. అధికారులు వచ్చి ట్రాన్స్‌మిటర్ పీక్కుపోతే మళ్ళీ కొత్తది ఎక్కించేవాళ్లు. 1990 నాటి ప్రసార చట్టం శిక్షలు పెంచింది, అయినా ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? లైసెన్సు ఉన్న స్టేషన్లలో ఈ పాటలు వినబడడం చాలా అరుదు. పాటను వినిపించే చోటు దొరకనప్పుడు ఆ చోటును కూడా తామే తయారు చేసుకున్నారు. ఈ విషయంలో వాళ్లను చూస్తే నాకు అసూయే.

1994 వేసవికి జంగిల్ జనంలోకి వచ్చేసింది. ఎం-బీట్, జనరల్ లెవీల 'ఇంక్రెడిబుల్' బ్రిటిష్ పాటల అమ్మకాల జాబితాలో 8వ స్థానానికి ఎక్కింది. జంగిల్‌ను నడిపేది తానేనన్న ధోరణిలో లెవీ మాట్లాడారని పెద్ద డీజేలు కొందరు కూటమి కట్టి ఆ పాటను వేయడం మానేశారు. చిన్న ఊరి పంచాయితీ లాంటి గొడవ. అదే ఏడాది షై ఎఫ్ఎక్స్, యూకే అపాచీల 'ఒరిజినల్ నట్టా' వచ్చింది. ఈ యూకే అపాచీ తల్లి భారతీయ మూలాలు ఉన్న దక్షిణాఫ్రికా మహిళ, తండ్రి ఇరాకీ. లండన్‌లో పెరిగి జమైకా యాసలో పాడారు. జంగిల్ అంటే ఎవరి సంగీతం అని ఎవరైనా అడిగితే నేను ఈ పాట వేసి ఊరుకుంటాను.

అదే 1994లో క్రిమినల్ జస్టిస్ చట్టం వచ్చింది. అనుమతి లేని ఆరుబయట సంబరాలను ఆపడానికి పెట్టిన చట్టంలో, సంగీతం అంటే 'పదే పదే వచ్చే దరువుల వరుస' కూడా అని నిర్వచనం రాశారు. దరువును చట్టంలో పట్టుకోవాలని చూసిన ప్రభుత్వాలు తక్కువే. ఆ నిర్వచనాన్ని ఒక రెమార్క్ పాటకు వర్తింపజేయమంటే న్యాయమూర్తికి చెమటలు పట్టేవి. ఏ రెండు ఆవర్తాలూ ఒకేలా ఉండవు కదా. (నవ్వులు)

తరువాతి కథ గబగబా చెబుతాను. 1995 నుంచి పేరు మెల్లగా డ్రమ్ అండ్ బాస్ అయింది. జమైకా యాసలో పాడే 'రాగా' గొంతులు పక్కకు జరిగాయి, శబ్దం నునుపెక్కింది. పత్రికల్లో జంగిల్ అంటే గొడవలు, మత్తుమందులు అన్న ముద్ర పడడం ఒక కారణం. నల్లవారి గొంతును తగ్గిస్తే పెద్ద కంపెనీలకు అమ్మడం తేలిక అన్న లెక్క ఇంకో కారణం. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉన్నారు. గోల్డీ 'టైమ్‌లెస్' 1995లో వచ్చింది. 1997లో బ్రిస్టల్‌కు చెందిన రోనీ సైజ్ బృందం ఏటా ఉత్తమ బ్రిటిష్ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలుచుకుంది. గొప్ప సంగీతమే. కానీ ఆ తరువాత దరువులు కోత మానేసి పరుగు పట్టాయి. కిక్, స్నేర్, కిక్, స్నేర్. నాకు అక్కడ ఆసక్తి పోతుంది.

మన వైపు తగిలే పాయ ఒకటి ఉంది. హాక్స్‌టన్ స్క్వేర్‌లో బ్లూ నోట్ అనే క్లబ్బులో ఆదివారం గోల్డీ లేబుల్ మెటల్‌హెడ్స్ రాత్రులు జరిగేవి, సోమవారం అదే చోట తబలా కళాకారుడు తల్వీన్ సింగ్ 'అనోఖా' నడిపేవారు. ఒక రాత్రి ఆమెన్ దరువు, మరుసటి రాత్రి దానితో పోటీపడే తబలా. తల్వీన్ 'ఓకే' ఆల్బమ్‌కు 1999లో మెర్క్యురీ బహుమతి వచ్చింది. ఏషియన్ డబ్ ఫౌండేషన్ జంగిల్ దరువు మీద గిటారు, బెంగాలీ కుర్రాడి ర్యాప్ కలిపింది. మన మృదంగం, కంజీర ఆ బల్ల మీదికి పెద్దగా రాలేదు. రావలసింది.

సరే, పునరుజ్జీవనం. పోయిందన్నది ఎక్కడికీ పోలేదు అని ముందు చెప్పాలి. పెద్ద సంబరాలను క్యాసెట్లలో నమోదు చేసి కట్టలుగా అమ్మేవాళ్లు, అవి ఎందరో అటకల మీద మిగిలాయి. 2003లో ప్లానెట్ మ్యూ లేబుల్ రెమార్క్ పాత పాటలను మళ్ళీ తెచ్చింది. 2006 నుంచి లండన్‌లో మాంత్రా, డబుల్ ఓ అనే జంట 'రప్చర్' రాత్రులు నడుపుతోంది. బయటి ప్రపంచం దుకాణం కట్టేశారనుకున్న కాలంలో వీళ్లు దీపం పెట్టి కూర్చున్నారు. ఆ మాంత్రాయే తరువాత ఈక్యూ50 అనే బృందంతో కలిసి ఈ రంగంలోకి వచ్చే ఆడపిల్లలకు పని నేర్పే ఏర్పాటు చేశారు. కెమిస్ట్రీ, స్టార్మ్ అనే ఇద్దరు మహిళలు గోల్డీని 'రేజ్'కు తీసుకువెళ్లి ఈ సంగీతం పరిచయం చేశారని గుర్తు చేసుకుంటే, ఆ ఏర్పాటు ఎంత ఆలస్యమో తెలుస్తుంది.

తరువాత పిల్లలు వచ్చారు. 2019లో షెరెల్ అనే లండన్ డీజే వీడియో ఒకటి నెట్‌లో మారుమోగింది. నిమిషానికి 160 బీట్ల మీద జంగిల్‌నూ, షికాగోలో పుట్టిన ఫుట్‌వర్క్ అనే నృత్య సంగీతాన్నీ ఒకే తాడుకు కట్టారు. బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన నియా ఆర్కైవ్స్ తన గొంతుతో, తన బాధలతో జంగిల్ మీద పాటలు కట్టారు. బ్రిటన్‌లో నల్లవారి సంగీతానికి ఇచ్చే మోబో పురస్కారాల్లో ఎలక్ట్రానిక్ సంగీతానికి విభాగమే లేదేమని ఆమె ఉత్తరం రాశారు. 2022లో ఆ విభాగం పెట్టారు, మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. 2024లో ఆమె ఆల్బమ్ మెర్క్యురీ తుది జాబితాలో నిలిచింది. కూల్ ఎఫ్ఎం 2023లో రిన్స్ ఎఫ్ఎంతో కలిసింది. రిన్స్ కూడా ఒకప్పటి దొంగ రేడియోనే, 2010లో లైసెన్సు తెచ్చుకుంది.

ఇంకో వింత దారి కూడా ఉంది. 1999లో జపాన్‌కు చెందిన సోయిచి తెరాదా 'ఏప్ ఎస్కేప్' అనే ప్లేస్టేషన్ ఆటకు జంగిల్ దరువులతో సంగీతం చేశారు. లండన్ క్లబ్బు గుమ్మం తొక్కని పిల్లలు ఆ ఆటలో కోతులను పట్టుకుంటూ ఈ దరువులు విన్నారు. ఇప్పుడు వాళ్లకు జంగిల్ అంటే బాల్యం.

(సభలో ఒకరు: ఇప్పుడు కంప్యూటర్‌లో క్షణంలో కోసేయవచ్చు కదండీ, ఇంకా ఆ పాత సాంప్లర్లు ఎందుకు?)

మంచి ప్రశ్న. కొందరు నిజంగానే ఎస్950 వెతికి కొని, అటారీ దుమ్ము దులిపి, 1994 నాటి పాటలా వినబడేదాకా నిద్రపోవడం లేదు. శబ్దం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు విన్నాక నాకు విసుగు వస్తుంది. కారణం చెబుతాను. 1994లో ఆ కుర్రవాళ్లు పాత రికార్డును గౌరవంతో అద్దాల బీరువాలో పెట్టలేదు, కోసి పారేశారు. వాళ్లకు అందులో కావలసింది రేపటి శబ్దం. వాళ్లను ఉన్నదున్నట్టు అనుకరించడమంటే వాళ్లు చేయని పని చేయడమే. యంత్రం పాతదైనా కొత్తదైనా నాకు పట్టింపు లేదు. కత్తి ఎటు దిగింది అన్నదే చూస్తాను. టిమ్ రీపర్‌ను తీసుకోండి. 1990లలో పుట్టినవారు, ఆ క్లబ్బులు చూసే వయసు కాదు. మెల్‌బోర్న్‌కు చెందిన క్లోక్‌తో కలిసి 2024లో హైపర్‌డబ్ లేబుల్ మీద 'ఇన్ ఫుల్ ఎఫెక్ట్' అనే ఆల్బమ్ తెచ్చారు. ముక్కలన్నీ పాతవే. వాటి అమరికలో మాత్రం ముప్పై ఏళ్లు వినివిని అరగదీసినవాడి తెలివి ఉంది. 1994లో దాన్ని ఎవరూ అలా కోసి ఉండరు.

తిరిగి రానిది కూడా ఒకటి ఉంది. మ్యూజిక్ హౌస్ దగ్గర వరుస. పాటను ఎదుటివాళ్ల కాళ్లు తీర్పు చెప్పే ఆ చక్రం. ఇప్పుడు బ్యాండ్‌క్యాంప్ అనే పాటలు అమ్మే సైటులో పెడితే అర్ధరాత్రికి ప్రపంచమంతా చేరుతుంది, కానీ ఎవరూ ఆపి మళ్ళీ వేయమని అరవరు. రేండల్ లాంటి డీజేలు ఆ గది నాడి తెలిసినవాళ్లు. 2024లో ఆయన పోయారు. అంతకు రెండేళ్ల ముందు డీజే పక్కన మైకు పట్టే ఎంసీ స్కిబడీ పోయారు. ఆ తరం వయసు మీద పడుతోంది. వాళ్లు చేతులతో చేసిన పనిని ఎవరైనా కూర్చోబెట్టి అడిగి రాసుకోవడం రికార్డుల పునర్ముద్రణ కంటే ముఖ్యమని నా ఉద్దేశం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను అబద్ధమాడినట్టే. వేల పాటలకు దరువు ఇచ్చిన గ్రెగరీ కోల్‌మన్‌కు దాని మీద ఒక్క డాలరూ రాలేదు. 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయారు. పాట హక్కులు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌వి. తన పాటకు ఇంత గిరాకీ ఉందని ఆయనకు 1996లో గానీ తెలియలేదు, అప్పటికే దావా వేసే గడువు దాటిపోయింది. 2015లో బ్రిటిష్ డీజేలు నెట్‌లో జోలె పడితే 24,000 పౌండ్లు పోగయ్యాయి, ఆయనకు అందించారు. 2020లో స్పెన్సర్ కూడా పోయారు.  పాట రాసినవాడికి అప్పటి చట్టంలో చోటుండేది, అద్భుతంగా వాయించినవాడికి ఉండేది కాదు. మన సినిమా స్టూడియోల్లో రోజు కూలికి వాయించి వెళ్లిన వాద్యకారులకూ ఇదే జరిగింది, ఆ పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. ఆమెన్‌ను కోయడం తప్పని నేను అనను, కోయకపోతే ఈ సంగీతమే లేదు. అమ్మినవాళ్లు లెక్క కట్టి పక్కన పెట్టవలసింది. ఈ రోజు మళ్ళీ అచ్చువేసి అమ్ముతున్నవాళ్లకైనా ఆ పని చేయడం కష్టం కాదు.

ఇక మాటలు చాలు. రెండు పాటలు వేస్తాను. మొదటిది ఓమ్ని ట్రయో 1993లో మూవింగ్ షాడో లేబుల్ మీద తెచ్చిన 'రెనిగేడ్ స్నేర్స్'. ఓమ్ని ట్రయో అంటే ముగ్గురు కాదు, రాబ్ హేగ్ అనే ఒక్క మనిషి. పియానో వింటే మెత్తగా ఉంది కదా అని మోసపోకండి, కింద స్నేర్లు ఏం చేస్తున్నాయో చూడండి. రెండోది టిమ్ రీపర్, క్లోక్‌లది. అది మొదలైన వెంటనే డ్రమ్స్ మీద కాకుండా డ్రమ్స్ ఆగే చోట్ల మీద దృష్టి పెట్టండి. ఒక హెచ్చరిక: ఈ హాలు స్పీకర్లు ఉపన్యాసాల కోసం పెట్టినవి, బాస్ సగం గోడలోనే చచ్చిపోతుంది. ఇంటికి వెళ్లి మంచి హెడ్‌ఫోన్లతో మళ్ళీ వినండి. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.